మేడమ్ వేళ్ళ మధ్య నా గొంతు

మా కొత్త మేడమ్ నన్ను చూడకముందే నా గొంతు విన్నారు. వీధి మొదట్లో కారు దిగుతుంటే ఎవరో ఎవరినో కొడుతున్నారనుకున్నారట. "పోలీసులకి ఫోన్ చెయ్యి" అని డ్రైవర్‌తో కూడా అన్నారట. తీరా కొట్టు దాకా వచ్చి చూస్తే కొట్టుకోవడమూ లేదు, తిట్టుకోవడమూ లేదు. కౌంటర్ వెనక నేను నిలబడి ఒక పెద్దావిడతో "పిన్నీ, బ్యాటరీ తిరగేసి పెట్టావు! ఇటు! ఇటు పెట్టాలి!" అంటున్నాను. ఆవిడ నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. మేడమ్ ఒక్కరే నవ్వలేదు.

"ఇక్కడ రోజూ ఇలాగేనా?" అని అడిగారు.

"లేదండీ, ఇవాళ కాస్త జలుబు చేసింది. గొంతు సరిగ్గా రావట్లేదు" అన్నాను.

నిజంగానే జలుబు. కానీ ఆవిడ నావైపు చూసిన చూపుకి ఆ జలుబు కూడా తగ్గిపోయింది.

మాది చెవి మెషీన్ల కొట్టు. ఇటు సైకిల్ షాపు, అటు జెరాక్స్ షాపు, మధ్యలో ఇరుక్కుని మేము. ముందు గదిలో గాజు కౌంటర్, దాని ఎదురుగా రెండు బెంచీలు, గోడకి నిలువుటద్దం. మెషీన్ పెట్టుకున్నాక చెవి వెనక కనబడుతోందో లేదో అని అందరూ ముందు ఆ అద్దంలోకే చూసుకుంటారు. వినపడుతోందా లేదా అన్నది తర్వాత సంగతి. లోపల గోడలకి స్పాంజి అతికించిన చిన్న గది ఒకటుంది. అందులో ట్యూనింగ్ బాబాయ్ కూర్చుని ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళ మెషీన్ సరిచేస్తాడు. ఆ గది పక్కన అద్దాల క్యాబిన్.

మొన్నమొన్నటి దాకా ఆ క్యాబిన్‌లో పెద్ద సార్ ఉండేవారు. కొట్టు ఆయన పెట్టిందే. ఆయనకీ చెవి మెషీన్ ఉంది. నా గొంతుతో ఆయనకి ఏనాడూ ఇబ్బంది రాలేదు. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే మెషీన్ తీసి జేబులో వేసుకునేవారు. బంగారంలాంటి మనిషి. మోకాళ్ళు నొప్పులని ఇంటిపట్టున ఉండిపోయి, కొట్టు కోడలికి అప్పజెప్పారు.

ఆ కోడలే మా మేడమ్. అంతకు ముందు ఏదో పెద్ద హోటల్లో రిసెప్షన్ మొత్తం ఆవిడే చూసేవారట. అక్కడ దుప్పటి చిరిగితే చిరిగిందనరట, "మార్చవలసిన స్థితికి వచ్చింది" అంటారట. అక్కడ పనివాళ్ళు పరిగెత్తరట, వేగంగా నడుస్తారట. ఇంతా చేసి, ఈ జన్మలో నన్ను మొదటిసారి "మీరు" అన్న మనిషి ఆవిడే. తిట్టినా "మీరు" అనే తిట్టేవారు. దాంతో తిట్టారో లేదో అర్థమయ్యేసరికి నాకు మధ్యాహ్నమయ్యేది.

రెండో రోజే నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు.

"మిమ్మల్ని పర్మనెంట్ చేస్తానని మామయ్యగారు మాటిచ్చారట" అన్నారు.

"అవునండీ. సంతకం పెట్టేలోపే ఆయన మోకాలు పట్టేసింది."

"మీ పనిలో నాకే లోటూ కనబడలేదు. కానీ మీ మాటతీరు..." అని ఆగి, మంచి మాట కోసం వెతుక్కున్నారు. దొరికినట్టు లేదు. "నెల రోజులు చూస్తాను. మాట, మర్యాద మారితే సంతకం పెడతాను. మారకపోతే కౌంటర్‌కి ఇంకొకరిని చూసుకోవలసి వస్తుంది."

నా గుండె గుభేలుమంది. ఉద్యోగం గురించి కాదు. నోరున్నదాన్ని, ఎక్కడైనా బతుకుతాను. మా కొట్లో ఒక పద్ధతుంది. పర్మనెంట్ అయినవాళ్ళ అమ్మకో నాన్నకో అవసరమైతే మెషీన్ ఊరికే ఇస్తారు. నేను ఈ కొట్లో చేరిందే దానికోసం. మా అమ్మకి వినపడదు.

నేను చిన్నప్పుడు అమ్మకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. ఏ మూలో కాస్త మిగిలింది. గుక్క పట్టి అరిస్తే ఆ కాస్త అందుతుంది. మంచి మెషీన్ పెడితే శుభ్రంగా వినపడుతుందని డాక్టర్ చెప్పాడు. దాని ఖరీదు విని మేమే చెవులు మూసుకున్నాం. ఇంట్లో ఉండేది అమ్మా నేనే. నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ నేను మాట్లాడింది తక్కువ, అరిచింది ఎక్కువ. వీధిలో నన్ను సైరన్ అంటారు. మా ఇంట్లో ఊరికే పిలవడం అంటూ ఉండదు. అమ్మని పిలవాలంటే ఒక పనుండాలి, దానికి తగ్గ ఊపిరుండాలి.

నేను ఇంత గొంతు చించుకుంటే అమ్మకి అందేది గోరంత. దాంతో ఆవిడ నా గురించి ఒక నిర్ణయానికొచ్చేసింది. కనబడిన ప్రతివాళ్ళతో, "మా అమ్మాయి చాలా నెమ్మదస్తురాలండీ. ఇంతవరకూ గొంతు పెంచి ఎరగదు" అంటుంది. మా పక్కింటి పిన్ని ఆ మాట మొదటిసారి విన్నప్పుడు తాగుతున్న నీళ్ళు పొలమారి, వీపు మీద నేను గుద్దితే గానీ తేరుకోలేదు.

మర్నాటి నుంచీ నాకు పాఠాలు మొదలయ్యాయి. కొట్టు తెరవకముందే మేడమ్ నన్ను నిలువుటద్దం ముందు నిలబెట్టి, పక్కన తను నిలబడేవారు.

"నవ్వండి."

నవ్వాను.

"పళ్ళు అన్నీ అక్కర్లేదు."

తగ్గించాను.

"ఇప్పుడు చెప్పండి. నమస్కారం సర్, మీకు నేనెలా సహాయపడగలను?"

చెప్పాను. పక్కనున్న సైకిల్ షాపతను తొంగి చూసి, "ఏం పని, ఎవరికి సహాయం?" అని అడిగాడు. మేడమ్ కళ్ళు మూసుకుని తెరిచారు.

"ఇంకా మెల్లగా."

అలా ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చారు. కౌంటర్ మీదికి వంగకూడదు. అడక్కుండా ఎవరి చెవీ పట్టుకోకూడదు. "ఏంటీ?" అనకూడదు, "దయచేసి మరోసారి చెప్తారా?" అనాలి. మనిషి పరాకుగా ఉంటే చిటికెలు వెయ్యకూడదు. మెషీన్ పాడైతే "చచ్చింది" అనకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా వరసలు పెట్టకూడదు.

"ఆయన మీకు నిజంగా బాబాయా?" అని అడిగారు ఒకరోజు, ఒకాయన మెట్లు దిగి వెళ్ళాక.

"కాదండీ."

"మరి అలా ఎందుకు పిలిచారు?"

"మరి ఏమని పిలవనండీ? ఓయ్ అనా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. నా నోటికి నా మీదే పగ. మేడమ్ మాత్రం చేత్తో ఒక సైగ చేశారు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి, రేడియో గొంతు తగ్గించినట్టు ఎడమకి తిప్పారు.

ఆ సైగ ఇక నన్ను వదల్లేదు. క్యాబిన్‌లో ఫోన్ మాట్లాడుతున్నా, కాఫీ తాగుతున్నా, నా గొంతు కాస్త లేచిందంటే చాలు, అద్దాల వెనక ఆ రెండు వేళ్ళు లేచేవి. ఎడమకి తిరిగేవి. నేను తగ్గేదాన్ని. ఇంకోసారి తిరిగేవి. ఇంకా తగ్గేదాన్ని. కలలో కూడా ఆ వేళ్ళు కనబడేవి. మీరేమన్నా అనుకోండి, ఆవిడ మీద నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ అమ్మ చెవి గుర్తొచ్చి, మండే ఒళ్ళుని మడిచి లోపల పెట్టుకునేదాన్ని.

కొట్లో నేర్చుకున్నది ఇంట్లో సాధన చేద్దామనుకున్నాను. బుద్ధి గడ్డి తింది. సాయంత్రం అమ్మ ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు సగమే కనబడేలా నవ్వి, "నమస్కారం మేడమ్, మీకు నేనెలా సహాయపడగలను?" అన్నాను మెల్లగా.

అమ్మ నా పెదాల వైపు చూసింది. కుడి చెవి మీద అరచేత్తో కొట్టుకుంది. ఎడమ చెవి మీద కొట్టుకుంది. ఆవిడ ముఖం చూస్తుండగానే పాలిపోయింది.

"పోయిందే! ఉన్న కాస్తా పోయిందే! నీ నోరు కదులుతోంది, ఒక్క ముక్క వినపడట్లేదు!" అని బావురుమంది.

నేను లేచి, "లేదమ్మా! పోలేదు! నేనే మెల్లగా మాట్లాడాను!" అని అరిచాను.

"మెల్లగా ఎందుకు మాట్లాడావే?"

"మర్యాద నేర్చుకుంటున్నానమ్మా!"

"నేర్చుకున్నది చాల్లే తల్లీ, పడుకోనీ!" అంది గోడవతల నుంచి పక్కింటి పిన్ని.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. ఎంతకీ వదల్లేదు. అంత భయం లోపల పెట్టుకుని తిరుగుతోందని నాకప్పటిదాకా తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఎలాగైనా సరే, ఈ నెల గడిచేదాకా కొట్లో నోరు కుట్టేసుకుంటానని ఒట్టేసుకున్నాను.

ఒట్టు ఫలించింది. నేను మారిపోయాను. అంతా మెల్లగా, మెత్తగా, నవ్వుతూ. మేడమ్ వేళ్ళకి పని తగ్గింది. ఒకసారి క్యాబిన్‌లోంచి నాకేసి చూసి తలూపారు కూడా. అదే నాకు సంతకం పెట్టినంత సంబరమైంది.

అప్పుడే మా కండక్టర్ గారు వచ్చారు.

ఆయన సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ బస్సు హారన్లకే చెవులు పోయాయంటారు. మా కొట్టుకి ఎప్పటినుంచో వస్తున్న మనిషి. నన్ను చూడగానే "ఏమ్మా సైరన్!" అంటారు, నేను "ఏం బాబాయ్, టికెట్ తీసుకున్నావా!" అంటాను. అదీ వరస. ఆరోజు నేను లేచి, చేతులు జోడించి, మెల్లగా, "నమస్కారం సర్. మీకు నేనెలా సహాయపడగలను?" అన్నాను.

ఆయన చెవి దగ్గర వేలుతో కొట్టి చూసుకున్నారు.

"ఏంటమ్మాయ్, పన్ను గానీ పీకించుకున్నావా?"

"లేదండీ. బాగానే ఉన్నాను."

"ఆఁ?"

"బాగానే ఉన్నాను సర్."

"సరిపోయింది. మెషీన్ చచ్చింది" అన్నారాయన, మెషీన్ తీసి అరచేతిలో పెట్టుకుని బాధగా చూస్తూ.

"మార్చవలసిన స్థితికి వచ్చిందేమోనండీ" అన్నాను. అదీ ఆయనకి వినపడలేదు.

ట్యూనింగ్ బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త బ్యాటరీ వేశాడు. చెవిలో పెట్టి బీప్ వినిపించాడు. బీప్ వినపడింది. ఏ లోపమూ లేదన్నాడు. కండక్టర్ గారు మళ్ళీ నా దగ్గరికొచ్చారు. నేను మళ్ళీ మెల్లగా మాట్లాడాను. ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళారు. గానుగెద్దులా ఎన్నిసార్లు తిరిగారో పాపం. చివరికి మెషీన్ జేబులో వేసుకుని, "ఇక నా పని అయిపోయిందమ్మా" అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ భుజాలు అంతలా జారిపోవడం నేనెప్పుడూ చూడలేదు. వెనక నుంచి "బాబాయ్!" అని ఒక్క కేక వేస్తే చాలు. నోటిదాకా వచ్చింది. క్యాబిన్ వైపు చూసి మింగేశాను.

తర్వాత బ్యాటరీ పిన్ని వచ్చింది, ఆవిడదీ అదే మాట. ఆవిడ తర్వాత ఇంకొకరు. వీళ్ళంతా పొద్దున్నే ఒకే పార్కులో నడుస్తారు. అక్కడ ఏమనుకున్నారో, ఎంత గట్టిగా అనుకున్నారో తెలియదు గానీ, ఆ కొట్టు మెషీన్లన్నీ ఒక్కసారే పోయాయన్న కబురు ఊరంతా పాకిపోయింది.

ఆ సోమవారం కొట్టు తెరిచేసరికి మెట్ల మీద జనం. లోపలికి రానిచ్చాక బెంచీలు నిండిపోయి, అద్దం దాకా నిలబడ్డారు. కండక్టర్ గారు ఈసారి వాళ్ళావిడని కూడా వెంటబెట్టుకొచ్చారు. ప్రతివాళ్ళకీ తమ మెషీన్ పోయిందన్న కోపం. పక్కవాడు చెప్పేది ఎవరికీ వినపడదు కాబట్టి ప్రతివాడూ ఇంకాస్త గట్టిగా చెప్పాడు. "మోసం" అని ఒకరన్నారు. అది ఎలా వినపడిందో గానీ అందరికీ వినపడింది. "మోసం, మోసం" అని అందరూ అందుకున్నారు. సైకిల్ షాపతను పని మానేసి గుమ్మంలో నిలబడ్డాడు. జెరాక్స్ షాపు నుంచీ జనం వచ్చారు.

మేడమ్ క్యాబిన్ తలుపు తీసుకుని బయటికొచ్చారు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నవ్వి, పళ్ళు సగమే కనబడేలా, "దయచేసి అందరూ ఒక్క నిమిషం..." అన్నారు.

ఒక్కరు తల తిప్పితే ఒట్టు.

"దయచేసి..."

ఒకాయన తన మెషీన్ తీసి గాజు కౌంటర్ మీద టక్కున కొట్టాడు. ఇంకొకాయన కుర్చీ లాగి గుమ్మానికి అడ్డం వేసి కూర్చున్నాడు. మేడమ్ ముఖంలో రంగు మారింది. "బాబాయ్ గారూ, కూర్చోండి, పిన్నిగారూ..." అన్నారు. ఆవిడ నోట వరసలు! నేను ముక్కున వేలేసుకోబోయి, సమయం కాదని మానేశాను. అయినా లాభం లేకపోయింది. అప్పుడు మేడమ్ నావైపు చూశారు. మెల్లగా చెయ్యెత్తారు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టారు.

కుడికి తిప్పారు.

నాకు నమ్మకం కలగలేదు. పొరపాటున అటు తిరిగిందేమో అనుకున్నాను. ఆవిడ మళ్ళీ తిప్పారు, ఈసారి మణికట్టుతో సహా, ఆ చివరి దాకా.

నేను ఊపిరి పీల్చుకున్నాను.

"అందరూ నోర్ముయ్యండి! కూర్చోండి! బాబాయ్, ఆ కుర్చీ తియ్! పిన్నీ, నీ సంచీ కాళ్ళకడ్డం వస్తోంది, ఒళ్ళో పెట్టుకో! ఎవరి మెషీనూ చావలేదు! ఒక్కొక్కళ్ళే చెప్పండి, అందరిదీ చూస్తాం!"

తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ తర్వాత ఒక్కొక్కరి ముఖమే వెలిగింది.

"వినపడుతోంది!" అన్నారు కండక్టర్ గారు. "ఓసి నీ దుంపతెగ, వినపడుతోందే!"

"నాకూ!" అంది బ్యాటరీ పిన్ని. "బాగైపోయింది!"

కొట్టంతా నవ్వులు. ఒకాయనైతే నాకు దణ్ణం పెట్టాడు. నేను మహా గొప్పగా మేడమ్ వైపు చూశాను. ఆవిడ నవ్వట్లేదు. కండక్టర్ గారి భార్య వైపు చూస్తున్నారు. అంతమందిలో ఆవిడ ఒక్కతే మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"మీరెందుకండీ అలా ఉన్నారు?" అని అడిగారు మేడమ్.

"ఏముందమ్మా" అంది ఆవిడ. మెత్తటి గొంతు. "ఎప్పుడూ ఇంతే ఈయన. ఈ కొట్లో అన్నీ వినపడతాయి. ఇంటికొస్తే నేను పక్కన కూర్చుని పిలిచినా పలకరు. మెషీన్ కొన్నాక కూడా పలక్కపోతే ఏమనుకోవాలి? నేనంటే లెక్కలేదనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను."

మేడమ్ ట్యూనింగ్ బాబాయ్‌ని పిలిచారు.

"మెషీన్ సరిచేశాక, వినపడుతోందో లేదో ఎలా చూస్తారు?"

"ఏముందండీ, మనమ్మాయి దగ్గరికి పంపిస్తాను. 'వినపడుతోందా' అని అడుగుతుంది. మనిషి ఉలిక్కిపడితే కాస్త తగ్గిస్తాను. నవ్వితే సరిపోయినట్టే" అన్నాడు బాబాయ్. పెద్ద సార్ ఉన్నప్పటి నుంచీ అదే పద్ధతి. చెబుతుండగానే అతనికీ వెలిగినట్టుంది, మిగతా మాటలు నీళ్ళతో పాటు నమిలేశాడు.

నాకూ అర్థమైంది. వీళ్ళందరి మెషీన్లూ సరిపెట్టింది నా గొంతుకే. ఈ బెంచీల మీద కూర్చున్నంతసేపూ అందరికీ లోకం వినపడుతుంది, మెట్లు దిగితే నోరు కదిపే బొమ్మలే మిగులుతాయి. ఇంట్లో పెళ్ళాం, కోడలు, మనవలు, ఎవరిదీ సైరన్ కాదుగా. నా గొప్పంతా గాలి తీసేసినట్టు జారిపోయింది. మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

ఆరోజంతా మెషీన్లు మళ్ళీ సరిచేశాం. బాబాయ్ ట్యూన్ చేసి పంపడం, బెంచీ చివర మేడమ్ కూర్చుని తన మామూలు గొంతుతో "నా మాట వినపడుతోందా అండీ?" అనడం. వినపడకపోతే మళ్ళీ లోపలికి. నా పని, లోపల ఎవరిది అయితే బయట తర్వాతి వాళ్ళని కేకేయడం. కండక్టర్ గారి దగ్గరికొచ్చేసరికి మేడమ్ లేచి ఆయన భార్యని తన చోట కూర్చోబెట్టారు. ఆవిడ ఆయన వైపు చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంటికి పోదామా?" అంది.

"పోదాం" అన్నారాయన వెంటనే.

ఆవిడ చేతిలో సంచీ కింద పడింది. ఆయన వంగి తీసి ఇచ్చారు. మెట్లు దిగుతూ ఆవిడ నాతో, "ఇక నా ఇష్టమొచ్చినట్టు గొణుక్కోవడానికి లేకుండా చేశారు కదే" అంది. తిట్టిందో, మెచ్చుకుందో, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

అందరూ వెళ్ళాక మేడమ్ క్యాబిన్‌లోకి పిలిచారు. నెల ఇంకా నిండలేదు. ఆవిడ పెట్టిన నియమాలన్నీ నేను ఒక్క గుక్కలో మంటగలిపాను. పైగా ఇన్నాళ్ళ తిప్పలకీ నా గొంతే కారణమని తేలింది. అమ్మ మెషీన్ మీద ఆశ వదిలేసుకుని వెళ్ళి నిలబడ్డాను.

మేడమ్ గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా మాత్రమే వస్తోంది.

"ఇవాళ నేను కూడా అరిచాను. విన్నారా?"

"లేదండీ. ఎప్పుడు?"

"బాబాయ్ గారూ అన్నప్పుడు."

"అది అరుపాండీ?" అన్నాను. నా నోరు ఎప్పటికి బాగుపడుతుందో ఏమో.

ఆవిడ నవ్వారు. ఈసారి పళ్ళన్నీ కనబడ్డాయి. సొరుగులోంచి కాగితం తీసి సంతకం పెట్టారు.

"నోర్ముయ్యండి అనకూడదు. కూర్చోండి అంటే చాలు" అన్నారు గుసగుసగా. "రేపు పొద్దున అద్దం దగ్గరికి మామూలుగానే రండి. మీ అమ్మగారి సంగతి మామయ్యగారు చెప్పారు, ఆవిడని కూడా తీసుకురండి."

నాకు నోట మాట రాలేదు. మేడమ్ ఆశ్చర్యంగా చూశారు. బహుశా నేను చప్పుడు చెయ్యకుండా నిలబడటం ఆవిడ చూడటం అదే మొదటిసారి.

మర్నాడు అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినదానిలా బిగదీసుకుని స్పాంజి గదిలో కూర్చుంది. నన్ను బయటే ఉండమన్నారు. కౌంటర్ వెనక నిలబడి, బట్టతో గాజు తుడిచిందే తుడిచాను. లోపల ఏమవుతోందో తెలియక ప్రాణం ఉగ్గబట్టుకున్నాను. తలుపు ఓరగా తీసి ఉంది, మాటలు వినపడుతున్నాయి.

"ఆ ఫ్యాను అలా కిర్రుమంటుందేమిటండీ?" అమ్మ గొంతు.

"అది పాతదమ్మా" అన్నాడు బాబాయ్.

తర్వాత మేడమ్, మెల్లగా, "నా మాట వినపడుతోందా అండీ?"

నా చేతిలో బట్ట ఆగిపోయింది.

"వినపడుతోందమ్మా" అంది అమ్మ. కాసేపు ముక్కు ఎగబీల్చి, "ఎంత మెత్తగా మాట్లాడుతున్నారమ్మా! అచ్చం మా అమ్మాయిలాగే" అంది.

లోపల బాబాయ్‌కి దగ్గు తెర వచ్చింది.

అమ్మ బయటికొచ్చింది. చెవి వెనక చిన్న మెషీన్. అద్దంలోకి కూడా చూసుకోలేదు, నా దగ్గరికే వస్తోంది. నేను ఈ ఒక్క రోజు కోసం ఎంత కాలంగా కాచుకున్నానో మీకేం తెలుసు? నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. కౌంటర్ మీదికి సగం వంగిపోయి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"అమ్మా! వినపడుతోందా!"

అమ్మ ఎగిరిపడింది. రెండు చేతులతో చెవులు మూసుకుని బెంచీ మీద కూలబడింది. బిత్తరపోయి గుమ్మం వైపు, వీధి వైపు చూసింది.

"ఎవరది?"

"నేనేనమ్మా!"

"నువ్వా?" చేతులు మెల్లగా దించి, నన్ను ఎగాదిగా చూసింది. "ఇదా నీ గొంతు? ఇన్నాళ్ళూ ఇలాగే అరుస్తున్నావా? ఇంట్లో, వీధిలో, నలుగురిలో? మా పిల్ల గొంతు పెంచి ఎరగదని ఊరందరితో చెప్పుకున్నానే! వాళ్ళంతా ఏమనుకుని ఉంటారే? అందుకేనా ఆ పక్కింటావిడకి పొలమారింది?"

నేను కౌంటర్ మీంచి వెనక్కి జరిగాను.

అమ్మ మేడమ్ వైపు తిరిగింది. "పెద్ద ఉద్యోగంలో ఉన్నారు, మర్యాద తెలిసినవారు, మీరైనా దీనికి కాస్త చెప్పకూడదా అమ్మా?"

"చెప్తూనే ఉన్నానండీ" అన్నారు మేడమ్ చాలా వినయంగా.

సైకిల్ షాపతను గుమ్మంలో పడీ పడీ నవ్వుతున్నాడు. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, అన్నిటికీ మించి ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరి కోసం ఈ గొంతు పెంచుకున్నానో ఆ మనిషే దాన్ని మొదటిసారి విని చెవులు మూసుకుంది. ఏమని చెప్పను? గట్టిగా చెప్పడానికి లేదు, మెల్లగా చెప్పడం నాకు చేతకాదు.

మేడమ్ చెయ్యి అలవాటుగా లేచింది. రెండు వేళ్ళూ దగ్గరకొచ్చాయి. ఎందుకో తిప్పకుండానే దించేశారు.

అమ్మ ఇంకా గొణుగుతూనే నాకు వీపు తిప్పి, బెంచీ మీద సంచీలో కళ్ళజోడు వెతుక్కుంటోంది. నా పెదాలు ఆవిడకి కనబడవు. నేను కౌంటర్ మీదికి వంగలేదు. చెయ్యి ఊపలేదు. పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడేంత మెల్లగా అన్నాను.

"అమ్మా."

"ఆఁ, ఏంటే?" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"ఏం లేదమ్మా" అన్నాను. "ఊరికే పిలిచాను."